నాలుగున్నర అడుగులు

పొద్దున ఏడూ పదికి జగిత్యాల బస్సు మా ఊరి మలుపులో హారన్ కొట్టేది. నా చిన్నప్పుడు సరిగ్గా ఆ వేళకే మా పెద్దబాపు ఆఖరి తాడిచెట్టు దిగి, నడుముకు ఉన్న మోకు విప్పేవాడు. కల్లు గీతగాణ్ణి చెట్టుకు పట్టి ఉంచే తాడు అది. ఆయన దిగాక కూడా హారన్ వినబడకపోతే, బస్సుకు ఆలస్యమైందని అనుకునేవాళ్లం.

మా బాపు సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసేవాడు, రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. నా చదువు చూసుకున్నది ఆయన అన్న, మా పెద్దబాపే. ఆయనకు అక్షరాలు రావు. నేను పదో తరగతికి వచ్చిన ఏడు జగిత్యాల నుంచి కంపాస్ బాక్సు తెచ్చి ఇచ్చాడు. ఒక్కో వస్తువూ బయటికి తీసి, ఇది దేనికి, అది దేనికి అని అడిగాడు. మూలమట్టాలు రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఆ వర్షాకాలం బీర్పూర్ బడిలో మాకు త్రికోణమితి మొదలైంది. సారు బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసి, ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్, ఆసన్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే కాస్, ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే టాన్ అని చెప్పారు. మేము కంఠతా పట్టాం. పుస్తకంలోని లెక్కల్లో ఒక స్తంభమో గోపురమో ఉండేది. చూసే మనిషి మాత్రం ఉండేవాడు కాదు. ఆ మనిషి చోట నేల మీద ఒక చుక్క పెట్టి పక్కన అక్షరం రాసేవారు.

ఇంటికి వచ్చి పెద్దబాపుకు ఆ బొమ్మ చూపించాను.

"ఎక్కకుండనే ఎత్తు చెప్తవా?" అన్నాడు.

మూలమట్టంలో నలభై ఐదు డిగ్రీల మూల చూపించి, ఈ మూల మారనంతవరకు త్రిభుజం ఎంత పెద్దదైనా నిలువు, అడ్డం సమానంగానే ఉంటాయని, అందుకే టాన్ విలువ ఒకటి అని చెప్పాను.

"అంటే గీ చెక్క పిల్ల, గా చెట్టు తల్లి. పోలిక ఒక్కటే అన్నట్టు" అన్నాడు. నాకు తెలిసి నిష్పత్తిని అంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్లు లేరు. అప్పుడు నాకు ఆ సంగతి తెలియలేదు. చదువురాని మనిషికి కూడా అర్థమయ్యేలా చెప్పానని గర్వపడ్డాను.

మా ఇంటి వెనుక ఒక ముసలవ్వ ఉండేది. ఆమె పెరటి గట్టు మీద ఉన్న తాడిచెట్టు ఆ ఏడు మొవ్వు ఎండిపోయింది. ఆకులన్నీ రాలి మొద్దు మాత్రం నిలబడింది. గాలి పెద్దదైతే ఎటు పడుతుందోనని అందరికీ భయం. ఒకవైపు ఇళ్లు, ఒకవైపు కరెంటు తీగలు. కొడితే ముసలవ్వ పెరట్లోకే కొట్టాలి. ఆ పెరట్లో బీరపందిరి ఉంది. ఆ కాయలు అమ్ముకునే ఆమె బతికేది.

"నా పందిరికి తాకిందో, నీ గుడిసె ముంగట కూసుంట" అని పెద్దబాపుతో అన్నది.

పందిరికి తగలకుండా కొట్టాలంటే చెట్టెక్కి పైసగం ముందు నరకాలి. ఎండిన తాడిచెట్టు మీద మోకు నిలవదు. పై బెరడు పొట్టులా ఊడి వస్తుంది. అయినా పెద్దబాపు ఎక్కుతానన్నాడు. ఇళ్ల మధ్య తాడిచెట్లు కొట్టాల్సి వస్తే అటు వెల్గటూర్ దాకా ఆయన్నే పిలిచేవాళ్లు. ఎక్కనంటే ఆయనకు చిన్నతనం. మా పెద్దమ్మ వాకిట్లో కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది.

నేను కొలుస్తానన్నాను. పదిమంది పెద్దవాళ్ల మధ్య నేను నోరు తెరవడం అదే మొదటిసారి.

బట్టలు కుట్టే పక్కింటి అక్క దగ్గర టేపు తెచ్చాను. మూలమట్టాన్ని కంటికి ఆనించి, దాని వాలు అంచు చెట్టు కొసకు సరిపోయేదాకా వెనక్కి నడిచాను. నిలబడ్డ చోట రాయి పెట్టాను. చెట్టు మొదలు నుంచి ఆ రాయి దాకా అయిదడుగుల టేపు ఎనిమిదిసార్లు పట్టింది. పందిరి అంచు నలభై రెండు అడుగుల దూరంలో ఉంది.

"చెట్టు నలభై అడుగులే. పందిరికి రెండడుగులు ఇవతల్నే వడ్తది. ఎక్కుడు అవసరం లేదు" అన్నాను.

అందరూ పెద్దబాపు వైపు చూశారు. ఆయన చెట్టు వైపు చూశాడు, పందిరి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"బిడ్డ చదువుకున్నది. లెక్క చెప్పింది గద. మొదట్లనే కొడుదాం" అన్నాడు.

గొడ్డలి పట్టే ముందు ఆయన రెండు పనులు చేశాడు. పెద్దమ్మ పిలుస్తున్నదని చెప్పి ముసలవ్వను మా ఇంటికి పంపాడు. పందిరి గుంజకు కట్టేసి ఉన్న మేకల్ని తానే విప్పి మా దొడ్లో కట్టి వచ్చాడు. జాగ్రత్త కోసం అనుకున్నాను.

చెట్టు ఆయన అనుకున్న వైపే, గీత గీసినట్టు పడింది. కొస మాత్రం పందిరి లోపల పడింది. ముందు గుంజలు రెండు విరిగాయి, తీగ నేలకు వచ్చింది. మూలమట్టం ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని నేల మీద పెట్టి చూడలేదని, కంటి దగ్గర పెట్టి చూశానని అప్పుడు తోచింది. నా కన్ను నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంది. ఆ నాలుగున్నర నేను కలపలేదు.

ముసలవ్వ పరుగెత్తుకొచ్చింది. "నీ చెయ్యిరగ! ఇంత జాగ ఉండంగ నా పందిరే దొరికిందార నీకు?"

నేను చెప్పబోయాను. అంతలోనే పెద్దబాపు అన్నాడు. "బిడ్డ లెక్క సక్కగనే ఉన్నది అత్తా. నాకే చెయ్యి తప్పింది. కొట్టుడు తప్పు కొట్టిన."

అక్కడున్నవాళ్లకు గొడ్డలి తెలుసు, టాన్ తెలియదు. ఆయన మాటే నమ్మారు. ఒకతను నవ్వుతూ, "గౌడన్నా, కండ్లద్దాలు తెప్పించాల్నా?" అన్నాడు. పెద్దబాపు కూడా నవ్వాడు.

మర్నాడు ఏడూ పదికి ఆయన దిగే చెట్టు కింద నిలబడ్డాను. బస్సు హారన్ కొట్టి పోయింది. ఆయన దిగాక, తప్పు నాదని చెప్పాను.

"నాకెర్కే బిడ్డా. ఇరవై ఏండ్లు ఎక్కిన చెట్టు. మోకు ముప్పైసార్లు జరిపితే కొసకు పోత. జరుపుకు మూర. ముప్పై మూరలు. పందిరి ఇరవై ఎనిమిది మూరల్లనే ఉన్నది."

మూరకు అడుగున్నర. అంటే చెట్టు నలభై ఐదు అడుగులు, పందిరి నలభై రెండు. "మరి నిన్న ఎందుకు చెప్పలె?"

"చెప్తే ఏమైతుండె? ముసల్ది ఒప్పది, నేను ఎండిన చెట్టెక్కుడు, మీ పెద్దమ్మ ఏడుసుడు. పందిరిదేముంది, పొద్దుగూకేవరకు మళ్ల ఏస్త." మోకు చుట్ట చుట్టి భుజానికి వేసుకున్నాడు. "ఇంకోటి. నలుగుర్ల నోరిప్పినవ్. గప్పుడే కాదంటె మళ్ల ఇప్పకపోదువు."

కొంచెం దూరం నడిచాక అడిగాడు. "ఇంతకు నీ లెక్కల తక్కువవడ్డయి యాడ వోయినయ్?"

నా కళ్లు చూపించి, అక్కడి నుంచి నేలదాకా చెయ్యి దించాను. ఆయనకు వెంటనే అర్థమైంది. "చెట్టును కొలిచినవ్, నిలవడ్డ మనిషిని మరిచినవ్" అని నవ్వాడు. తర్వాత, "ఎవ్వలకు చెప్పకు. పరీక్షలున్నయ్, నువ్వు సదువుకో" అన్నాడు.

ఆ సాయంత్రానికి పందిరి కొత్త గుంజలతో లేచింది. ముసలవ్వ నాలుగు రోజులు తిట్టి మానేసింది. కాని మాట మాత్రం ఊళ్లు తిరిగింది. ఆ తర్వాత ఇళ్ల మధ్య చెట్టు కొట్టడానికి ఆయన్ను ఎవరూ పిలవలేదు. వెల్గటూర్ వాళ్లు వేరే మనిషిని చూసుకున్నారు. కల్లు అమ్మే మండువలో తాగేవాళ్లు బీరకాయ కనబడితే చాలు ఆయన్ను ఆటపట్టించేవాళ్లు. ఆయన కల్లు పోస్తూ వినేవాడు. నేను పక్కనుంచి వెళ్తూ వినేదాన్ని.

చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్లు అనుకున్నాను. అది నిజం కాదు. చెప్పడం ఇష్టం లేక చెప్పలేదు. ఆయన మాట నాకు వీలుగా దొరికింది, అంతే.

తర్వాత లెక్కల టీచరునయ్యాను. కోరుట్లలో చాలా ఏళ్లు పనిచేశాను. ఏటా పదో తరగతి పిల్లల్ని గ్రౌండుకు తీసుకెళ్లి, దేన్నైనా కొలిచే ముందు ఒక్కొక్కరినీ గోడకు నిలబెట్టి కంటి ఎత్తున సుద్దముక్కతో గీత గీసేదాన్ని. బీరపందిరి కథ కూడా చెప్పేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. ఆ కథలో లెక్క తప్పింది "ఎవరో ఒక పిల్ల". నేనని ఒక్క ఏడు కూడా చెప్పలేదు.

పెద్దబాపు తొంభై దాటి బతికాడు. ఈ ఎండాకాలం పోయాడు. దినాల నాడు వాకిట్లో కూర్చున్న వాళ్లలో ఒకాయన ప్రేమగానే అన్నాడు. "గసొంటి పనోడు లేడు. ఒక్క ముసలవ్వ పందిరి కాడనే చెయ్యి తప్పింది."

"చెయ్యి తప్పలె. లెక్క తప్పింది. గా లెక్క నాది" అన్నాను.

టేపు, రాయి, నాలుగున్నర అడుగులు, అన్నీ వరుసగా చెప్పాను. వాళ్లు తలలు ఊపుతూ విన్నారు. ఏడుస్తున్న మనిషి ముందు ఊపినట్టు ఊపారు. చివరికి ఆ మాట అన్నాయనే నా భుజం తట్టాడు.

"ఊకో టీచరమ్మా. పెద్దబాపు మీద నీకు పాయిరం, మాకెర్కలేదా? గాయన తప్పు నువ్వెందుకు మీదేసుకుంటవ్?"

ఆ రోజు చెప్పి ఉంటే నమ్మేవాళ్లు. పదిహేనేళ్ల పిల్ల మాటకు అంత నమ్మకం ఉండేది, ఎందుకంటే అందరి ముందూ పెద్దబాపు ఆ మాట మీదే గొడ్డలి పట్టాడు.

ఆయన మోకు గోడకు అలాగే వేలాడుతోంది. ఇప్పటికీ ఏదైనా కొలవాల్సి వస్తే ముందు నా కంటి ఎత్తు రాసుకుంటాను. మా ఊళ్లో చెట్లు ఇప్పుడు మిషను రంపంతో కొడుతున్నారు. కొట్టే ముందు ఎక్కి, జరుపులు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు.