గోడ మీద త్రికోణాలు, అడగని పులి

మా అమ్మాయి రూతు రోజూ ఇల్లు తప్పిపోతుంటే నేను బిస్సమ్ కటక్ ప్రయాణం కట్టాను. డెబ్బైల నాటి మాట. కొరాపుట్ దగ్గర ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. మా వరుసలో క్వార్టర్లన్నీ ఒకే కొలత, ఒకే పసుపు రంగు. బడి నుంచి వచ్చిన పిల్ల ఎవరింట్లోనో దూరి, లోపల అమ్మ కనబడక గుక్కపట్టి ఏడ్చేది. చివరికి బడికే వెళ్ళనని మొండికేసింది. "అమ్మి మళ్ళీ పక్కోళ్ళింట్లో దూరిపోనాదండీ. గోడ మీద ఏదోటి గియ్యండి, గురుతుంటాది. గీతలు గియ్యడమే కదా మీ ఉద్యోగం" అంది నా భార్య సుగుణ. ఏం గీయాలో తోచలేదు. బిస్సమ్ కటక్ దగ్గర కొండవాళ్ళ ఇళ్ళ గోడలు చూసి రమ్మని ఆఫీసులో ఎవరో చెప్పారు.

అప్పట్లో కొరాపుట్ నుంచి రాయగడకి రైలు లేదు. తెల్లవారి బస్సెక్కితే ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిప్పి మధ్యాహ్నానికి దింపింది. అక్కణ్ణుంచి పాసింజరు. బిస్సమ్ కటక్ స్టేషన్ బయట టీకొట్టు నడిపే అప్పారావుది పార్వతీపురం. తెలుగు వినగానే తన ఇంట్లోనే పడుకోమన్నాడు, పొద్దున్నే కొట్టు మూసి నాతో కొండదారి పట్టాడు.

కొండ మీది ఊళ్ళో ఒక పెద్దావిడ ఎర్రమన్నులో వేలు ముంచి గోడ మీద త్రికోణాలు గీస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే ఏ రెండూ సమానంగా లేవు. కాస్త వెనక్కి జరిగితే అన్నీ తాడు పట్టి గీసినట్టున్నాయి. మళ్ళీ దగ్గరికెళ్ళాను, మళ్ళీ తేడా. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. నేను తెచ్చిన డ్రాయింగ్ షీటు మీద ఇలాంటివే గీయమని అప్పారావు చేత అడిగించాను. ఆవిడ గీస్తుంటే ఉండబట్టలేక "బాగు! బాగు!" అన్నాను. ఆవిడ వేలు ఆగింది. నా వంక ఒకలా చూసి, త్రికోణాల మధ్య నాలుగు కాళ్ళు, తోక, చారలు గీసేసింది.

"ఇదేమిటి?" అన్నాను అయోమయంగా.

అప్పారావు ఆవిణ్ణి అడిగి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగు బాగంటే ఇంకేటి గీత్తాది బాబూ? ఒడియాలో బాఘ అంటే పులి! నీకు పులి కావాలనుకున్నాది."

ఇంటికొచ్చి త్రికోణాలను స్కేలు పెట్టి గోడకెక్కించాను. అచ్చం మా క్వార్టర్ల వరుసలాగే వచ్చాయి! పులిని వదిలేద్దామనుకుంటే, రూతు షీటు లాక్కుని "నాన్నా, పులేదీ?" అని పేచీ పెట్టింది. చేతికొచ్చినట్టు అదీ గీశాను. మర్నాడు పిల్ల బడి నుంచి వచ్చే వేళకి కిటికీ చాటున నిలబడ్డాను. ఒక గేటు దాటింది, పక్క గేటూ దాటింది, గోడ మీది పులిని చూసి సరాసరి మా గుమ్మంలోకొచ్చి "అమ్మా, వచ్చేసేను" అని కేకేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా ఉండటం అంటే ఏమిటో ఆ రోజు నుంచీ నాకు తికమకే. కొలిచి గీసిన నా త్రికోణాలను పిల్ల తలెత్తి కూడా చూడలేదు. ఆవిడ గీతలు ఏ రెండూ కలవకుండానే అన్నీ ఎలా కుదిరాయో ఇప్పటికీ తెలియదు. మీరు వెళ్తే ఇప్పుడు కొరాపుట్ నుంచే రైలుంది. ఒక్క జాగ్రత్త: ఏదైనా నచ్చితే 'భల' అనండి. 'బాగు' అంటే మీ షీటు మీదకీ పులి వస్తుంది. వస్తే మాత్రం చెరిపేయకండి.