చెమటలు పట్టిన రేకు కింద జగదల్‌పూర్ దాకా

ఉద్యోగం అయిపోయాక బండిలోనే కాపురం పెట్టి దేశం తిరగాలన్నది మా వారి కోరిక. పాత వ్యాను కొని, వేసవంతా ఖమ్మంలో మా ఇంటి వెనకే పని చేశారు. ఎండ దిగకుండా పైకప్పు రేకుకూ లోపలి ప్లైవుడ్‌కూ మధ్య గ్లాస్ వూల్ అనే గాజుదూది కూరారు. వాన కారకుండా అతుకులన్నీ సీలెంటుతో మూశారు.

శ్రావణంలో ఒక తెల్లవారుజామున బస్తర్‌లోని చిత్రకోట జలపాతం చూడాలని బయల్దేరాం. భద్రాచలంలో ఇడ్లీ తిని, చింతూరు మీదుగా మధ్యాహ్నానికి కొంటా చేరాం. కిరాణా కొట్టు నడిపే తెలుగాయన ఒకరు తన గోదాము ముందు బండి నిలుపుకోనిచ్చారు.

"ఏందమ్మా, గింత వానల ఇద్దరే పోతున్నరా?" అన్నారు. మా వారు ఆయనకు లోపలంతా మురిపెంగా చూపించారు. ఆ సాయంత్రం తలుపులు బిగించుకుని అన్నం, చారు వండాను.

తెల్లారేసరికి దిండ్లు తడిసి ఉన్నాయి. మా వారికి ఉబ్బసం పాతదే, దగ్గు మొదలైంది. "ఎక్కడో కారుతోంది శారదా," అంటూ వాన తెరిపిచ్చాక అతుకులకు మళ్లీ సీలెంటు పూశారు. ఎర్రబోరు దాటి చీకటి పడేలోపు సుక్మాలో ఆగాం. ఆ రాత్రి చినుకు పడలేదు. అయినా పొద్దున చూస్తే ప్లైవుడ్‌లో బిగించిన ప్రతి స్క్రూ తలకూ ఒక నీటిబొట్టు వేలాడుతోంది.

"ఏమండీ, ఇది వాన కాదు. మన ఊపిరీ, వంట ఆవిరీ పైకెళ్లి చల్లటి రేకుకు తగిలి నీళ్లవుతున్నాయి," అన్నాను.

ఆయన బొట్లను వేలితో ఒక్కొక్కటే తుడిచారు.

జగదల్‌పూర్ చేరేసరికి ఆయన ఒక మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగుతున్నారు. ఆ బండిలో పడుకోవద్దని డాక్టరు చెప్పడంతో లాడ్జిలో దిగాం. మర్నాడు బండ్ల బాడీలు కట్టే షెడ్డులో పైకప్పు లోపలి వైపు విప్పించాం. ప్లైవుడ్ ఊడగానే గాజుదూది తడి ముద్దలా జారిపడింది. చెక్క వెనకంతా నల్లటి బూజు.

"పూరా ఖరాబైంది సార్. మళ్లీ పెట్టుడు బేకార్," అన్నాడు తెలుగు వచ్చిన షెడ్డు యజమాని. మా వారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వేసవంతా చేసిన పని చెత్తబండిలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డారు.

ఆ సాయంత్రం లాడ్జి మంచం మీద కూర్చుని ఆయనే తేల్చారు: నీళ్లు పీల్చని రబ్బరు ఫోమ్ షీటును సందు లేకుండా నేరుగా రేకుకే అంటించాలి, ఆవిరి పోవడానికి పైన ఫ్యాను పెట్టాలి. షీటు దొరికింది. కానీ రేకు పొడిగా ఉంటేగాని జిగురు పట్టదట. ఎండ కోసం కాచుకుని కూర్చున్నాం. రాలేదు. చిత్రకోట జలపాతం చూడకుండానే వెనక్కి మళ్లాం. బండి నేనే నడిపాను.

బస్తర్‌కు ఇలాంటి బండిలో వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పైనుంచి పడే నీటికంటే లోపల పుట్టే నీటికి ముందు దారి చూడండి.

సుక్మా దాటాక వాన పెద్దదైంది. ఒట్టి రేకు మీద ఆ మోతకు మాటలు ఆగిపోయాయి. పక్క సీట్లో ఆయన దగ్గు కూడా వినిపించలేదు. భుజాలు ఎగిరెగిరి పడటం మాత్రం కనిపిస్తోంది.