పత్తి కట్టెకు ఉద్వాసన

ఎన్ని తీర్థాలు తిరిగొచ్చినా నేనెప్పుడూ ఒక్క ముక్క రాయలేదు. కానీ మా చెల్లెలు శేషు గురించి మా పర్చూరులో, "పత్తి కట్టె తగలబెట్టడానికి ఒక సంఘమా!" అని నవ్వుతుంటే, కళ్ళారా చూసొచ్చిన నేను ఊరుకోలేక కలం పట్టాను.

తెల్లవారుజామున పూజ ముగించుకుని బయల్దేరాను. చిలకలూరిపేట, నరసరావుపేటల్లో బస్సులు మారి, పదింటికి సత్తెనపల్లిలో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితం. అక్కడినుంచి శేషు వాళ్ళ ఊరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. దారికి అటూ ఇటూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి.

"బొగ్గులక్క గారింటికేనా అండీ?" అన్నాడు ఆటో అతను, శేషు గురించే. "అదివరకు పత్తి కట్టె పీకి తగలబెట్టేవాళ్ళం. ఇప్పుడు సంఘం వాళ్ళు అడిగేసరికి కట్టెకి కాపలా కాసుకోవాల్సొస్తంది!"

శేషు సంఘం ఆడవాళ్ళు ఆ కట్టెను గోతిలో కాల్చి బొగ్గు చేస్తారు. కట్టె బూడిదైతే అందులోని కార్బన్ గాలిలో కలుస్తుంది. బొగ్గుగా మట్టిలో కలిపితే చాలాకాలం అక్కడే ఉంటుంది. ఎక్కడో ప్లాస్టిక్ ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ, తన పొగకు పరిహారంగా ఈ బొగ్గుకు డబ్బు కడుతుందట. కానీ కట్టె బొగ్గవగానే నీళ్ళు పోసి ఆర్పకపోతే బూడిదే. మొదటి గొయ్యి అలాగే మొత్తం బూడిదైపోయింది. హారతిచ్చి వెలిగించిన మంట మీద నీళ్ళు పోయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

నేను వెళ్ళేసరికి రెండో గొయ్యి మండుతోంది. కట్టె మీద తెల్లటి బూడిద పొర పడుతోంది.

"పోయండమ్మా! ఈసారీ బూడిదైతే నేను వేరే ఊరు చూసుకోవాలి," అన్నాడు ఫ్యాక్టరీ తరఫున వచ్చినతను.

"అగ్నిహోత్రుడి నెత్తిన బిందెడు నీళ్ళా? నావల్ల కాదే శేషా," అంది పెద్దావిడ కోటమ్మ.

శేషు బిందెలో గుప్పెడు పసుపు కలిపింది. "పిన్నీ, వినాయకుడికి హారతిచ్చి, ఉద్వాసన చెప్పి నీళ్ళల్లో కలపమా? ఈయనకీ అలాగే చెబుదాం. దణ్ణం పెట్టి నీళ్ళు పొయ్యి."

కోటమ్మ దణ్ణం పెట్టి, మొదటి బిందె తనే వంచింది. ఆ వెనక అందరూ పోశారు. ఆవిరి తగ్గాక చూస్తే గోతినిండా నల్లగా నిగనిగలాడే బొగ్గు. వచ్చినతను ఒక ముక్క విరిచి, "ఇక మీ ఊరే ఖాయం చేసుకోండి," అన్నాడు.

మా ఇంట్లో పూజలన్నీ నావి. శేషు ప్రసాదం వేళకు వచ్చేది. అయినా ఆ మాట దానికే తోచింది. ఈ బొగ్గుతో ఫ్యాక్టరీ పొగ అంతా తీరిపోదని కూడా అదే చెప్పింది. ప్లాస్టిక్ బిందె లేని ఇల్లు మన ఊళ్ళోనూ లేదు కదా, మన వంతు మనం చేద్దామంది.

మీరూ చూడాలనుకుంటే పత్తితీతలు అయ్యాక, గాలి లేవకముందే పొద్దున్నే వెళ్ళండి. నూలు చీరే కట్టుకోండి, పాలియెస్టర్ నిప్పురవ్వకు ఇట్టే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఈ కాగితాలు దాచుకోండి గానీ శేషుకు చూపించకండి. పొగిడితే లేచి వెళ్ళిపోయే మనిషి అది.