తరగని బిళ్ల

మహాసామ్రాజ్యాలు కత్తిమొన మీద నడిచాయంటారు. ఆ ఆసుపత్రి పాత భవనంలోని అణుధార్మిక పదార్థాల విభాగం మాత్రం పదకొండేళ్లపాటు ఒక గుమాస్తా చూపుడువేలి మీద నడిచింది. రిజిస్టరులో పేజీ తిరగాలంటే ముందు ఆ వేలు ఆయన నాలుకను దర్శించుకోవాలి. ఈ క్రమం ఒక్కనాడూ తప్పలేదు.

విభాగమంటే ఒక గది, అందులో ఒక సీసపు డబ్బా, డబ్బాలో చొక్కా గుండీ అంత బిళ్ల. స్కానింగు యంత్రం సరిగ్గా చూస్తోందో లేదో పరీక్షించడానికి తెచ్చారు దాన్ని. యంత్రం ఏనాడో కొత్త భవనానికి తరలిపోయింది, అక్కడ దానికి కొత్త బిళ్ల ఇచ్చారు. పాతదాన్ని పంపెయ్యాలంటే ఏడు ఫారాలు నింపాలి, ఉంచుకోవాలంటే నాలుగు చాలు. అందుకని ఉంచుకున్నారు. దాని లైసెన్సు, రిజిస్టరు, తాళంచెవి చూసుకోవడానికి గుమాస్తాను కూడా ఉంచారు.

అంతకుముందు ఆయన్ని పట్టించుకున్న పాపాన పోయినవాళ్లు లేరు. ఇప్పుడు ఆసుపత్రంతా ‘అణు బాబాయ్’ అంటోంది. సాయంత్రం ఇంటికెళ్తే భార్య గుమ్మంలోనే ఆపేసేది.

“అక్కడే ఆగండి! చెప్పులు బయట, చొక్కా బకెట్లో. ఆ అణువుల్ని ఇల్లంతా తొక్కుతారా ఏమిటి?”

చుట్టాలొస్తే బావమరిది ముందే హెచ్చరించేవాడు. “మా బావ పక్కన కూర్చోకండి. కరెంటు పనైతే షాకుతో పోతుంది, ఈయనది అణువులతో పని!”

డబ్బాకు మూత ఉందనీ, ఆ సీసాన్ని దాటి ఏదీ బయటికి రాదనీ గుమాస్తా ఎవరికీ చెప్పలేదు. అడగందే చెప్పడం ఉద్యోగధర్మం కాదు. పైగా ఆ భయంలో ఉన్న మర్యాద ఆయన జీతంలో ఏనాడూ లేదు.

ఈసారి లైసెన్సు గడువు నెలాఖరుకు ముగుస్తుంది. తనిఖీ అధికారిణి వస్తోందని కబురందగానే సూపరింటెండెంటు పిలిచాడు.

“బాబాయ్, ఏ తేడా వచ్చినా మీ గది మూతే. దుప్పట్ల సెక్షన్లో కుర్చీ ఖాళీగా ఉంది మరి.”

గుమాస్తాకు ఇల్లు గుర్తొచ్చింది. ఉతికిన దుప్పట్లు లెక్కపెట్టేవాణ్ని గుమ్మంలో ఆపేదెవరు?

అధికారిణి ఆయన కూతురి ఈడుది. ఫారాలు చూసింది, తాళం చూసింది, తల ఊపింది. గుమాస్తా ఉత్సాహంగా రిజిస్టరు తెరిచి వేలు నాలుక మీద పెట్టాడు.

“ఆగండాగండి! ఈ రిజిస్టరు ఎక్కడుంటుంది?”

“డబ్బా పక్కనేనమ్మా. పక్కనే ఉండాలని రూలు.”

“ఆ గదిలో ఏదీ నోటి దగ్గరకు పోకూడదని కూడా రూలే కదండీ?”

“అది తిండి సంగతి కదమ్మా. నేను రిజిస్టరు తినడం లేదు.”

ఆమె నవ్వలేదు. పేజీల అంచులు దూదితో తుడిచి, ఆ దూదిని అణుధార్మికత కొలిచే మీటరు కింద పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మీటరును ఆయన వేలి దగ్గర పెట్టింది. అదీ అంతే. హమ్మయ్య అనుకుంటూనే గుమాస్తా కాస్త చిన్నబుచ్చుకున్నాడు. పదకొండేళ్ల సర్వీసు, పిసరంతైనా అంటలేదు.

పోల్చి చూద్దామని ఆమె డబ్బా మూత తీయించి బిళ్ల మీదే మీటరు పెట్టింది. అప్పుడూ మూగగానే ఉంది.

“మీ మీటరు పోయినట్టుందమ్మా,” అన్నాడాయన జాలిగా.

ఆమె సంచిలోంచి తన నమూనా బిళ్ల తీసింది. మీటరు టకటకా మొదలుపెట్టింది. దాన్ని ఆపి రిజిస్టరు ముందుకు లాక్కుంది. మొదటి ఏడాది బిళ్ల బలం ఎంతో, రెండో ఏడాదీ అంతే. పదకొండో ఏడాదీ అంతే, అదే గుండ్రటి చేతిరాతలో.

“ఏటేటా కొలిచారా?”

“కొలవడమెందుకమ్మా, మొదటి పేజీలో ఉందిగా. చూసి ఎక్కించాను. ఒక్క అంకె తేడా ఉంటే నన్నడగండి.”

“దీని బలం తొమ్మిది నెలలకోసారి సగమైపోతుందండీ.”

“మా రిజిస్టర్లో కాలేదమ్మా,” అన్నాడు గుమాస్తా ధీమాగా.

ఆమె కాగితం మీద సగంలో సగం వేసుకుంటూ పోయింది. చివరికి పెన్ను మూత పెట్టేసింది.

“దీనికి లైసెన్సు అక్కర్లేకుండా పోయి చాలా ఏళ్లయింది బాబాయ్ గారూ. తప్పు రాసినందుకు నోటీసు ఇవ్వాలన్నా, లైసెన్సు అక్కర్లేని వస్తువు మీద ఇవ్వడానికి మా దగ్గర ఫారం లేదు.”

గది మూతపడింది. బిళ్లను పంపెయ్యడానికి కావాల్సిన ఏడు ఫారాలూ గుమాస్తాయే నింపాడు. బలం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, ‘లేదు’ అని రాశాడు. ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రం కూడా గుమ్మం బయటే ఆగాడు, చొక్కా బకెట్లో పడింది.

సోమవారం దుప్పట్ల సెక్షన్లో చేరాడు. పాత రిజిస్టరు ప్రకారం రెండువందల నలభై దుప్పట్లున్నాయి. వేలు తడి చేసుకుని మొదటి పేజీ తిప్పాడు, తర్వాత లేచి బీరువా తెరిచి లెక్కపెట్టాడు. నూట ఎనభై ఆరున్నాయి.