నడక వేగానికి సర్దిన బండి

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి మధురానగర్ వైపు మళ్ళే మలుపులో విజయరత్నం షెడ్డు ఉంది. రేకుల షెడ్డు, బోర్డు లేదు. బండి తెచ్చినవాళ్ళు ఏమైందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేవాడు.

"నువ్వు కాదు, గది చెప్పాలె. స్టార్ట్ చెయ్."

యవ్వనంలో సనత్‌నగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ జీపు మొరాయించినప్పుడల్లా విప్పి, చూసి, మళ్ళీ బిగించి కార్బొరేటర్ పని పట్టుకున్నాడు. కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు లేరు. ఇప్పటి బండ్లకు కార్బొరేటర్ ఉండదు కాబట్టి ఆయన దగ్గరికి వచ్చేవి పాత స్కూటర్లు, అక్కడక్కడా మిగిలిన పాత వ్యాన్లు.

పని తగ్గినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. బాధ వేరే ఉంది. షుగర్ వల్ల కుడిచేతి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఒకరోజు కాలుతున్న సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి, చర్మం కమిలిన వాసన వచ్చాక గానీ తీయలేదు. బంజారాహిల్స్‌లో నర్సుగా చేసి మానేసిన ఆయన భార్య నవోమి ఆ బొబ్బలు చూసి సంగతి గ్రహించింది. ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎడమచెయ్యి కొంత నయం గానీ ఏళ్ళ తరబడి పనంతా నేర్చింది కుడిచెయ్యే.

వాళ్ళ చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవాళ్ళను ఇంటి దగ్గర ప్రార్థన అయ్యాక సమాధుల తోట దాకా నడకమీదే తీసుకెళతారు. పాటలు పాడేవాళ్ళు ముందు, పెట్టె ఉన్న వ్యాను వాళ్ళ వెనక, దాని వెనక జనం. వ్యాను మనిషి నడకను మించకూడదు, దారిలో ఆగకూడదు. ఇంజన్‌కు అంతకంటే కష్టమైన పని లేదు. పరిగెత్తించడం సులువు. ఫస్ట్ గేరులో, ఊపు లేకుండా, ముసలివాళ్ళ అడుగుకు సమంగా నడిపించాలంటే ఆక్సిలరేటర్ కేబుల్, దాన్ని పట్టుకున్న లీవరు, దాన్ని వెనక్కి లాగే స్ప్రింగు మూడూ చక్కగా ఉండాలి.

కిందటి చలికాలం జెరెమియా మాస్టారు పోయినప్పుడు, తీసుకెళుతుంటే ఆ సంఘం వ్యాను పంజాగుట్ట మెయిన్ రోడ్డు మధ్యలో, మెట్రో లైను కింద ఆగిపోయింది. ఎంతకూ స్టార్ట్ కాలేదు. రెండు వైపులా హారన్లు. మగవాళ్ళు చెప్పులు జారుతుండగా పెట్టెతో సహా బండిని తోశారు. బైకు మీద ఒకతను ఫోన్ తీసి వీడియో తీశాడు. నవోమి ఆ జనంలో ఉంది.

ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా భర్త ముందు కూర్చుంది.

"ఏవండీ, నన్ను మాత్రం అలా తోయించకండి. నర్సుగా ఉన్నన్నాళ్ళూ స్ట్రెచర్లు తోశాను. నా వంతు వచ్చినప్పుడైనా కుదురుగా పోనివ్వండి."

"గిప్పుడెందుకు గా ముచ్చట?"

"పోయాక చెబితే వింటారేంటి? ఉన్నప్పుడే వినరు మీరు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. అప్పటికే ఆమె కాళ్ళు వాచేవి, రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. గుండె పని అయిపోవచ్చిందని ఆమెకు డాక్టర్లు చెప్పక ముందే తెలుసు.

వ్యాను నడిపేది రోషన్. పెళ్ళీడు పిల్లలున్నవాడు. పగలు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతాడు కాబట్టి నోరు ఊరుకోదు. బండి షెడ్డుకు తెమ్మని విజయరత్నం చెప్పినప్పుడల్లా "తెస్త అంకుల్, ఫికర్ జెయ్యకున్రి" అనేవాడు. తేలేదు.

వానలు మొదలైన వారంలో నవోమి పోయింది.

మర్నాడు పొద్దున ఇంటి ముందు టెంటు వేశారు. లోపల ఆడవాళ్ళు మెల్లగా పాడుతున్నారు. రోషన్ వ్యాను తెచ్చి గేటు పక్కన పెట్టగానే విజయరత్నం పెట్టె దగ్గరి నుంచి లేచి, పానాల సంచి పట్టుకుని బయటికి వచ్చాడు.

"స్టార్ట్ చెయ్."

"అంకుల్, బండి మస్తుగున్నది. నేనే సెట్ చేసిన. ఇయ్యాల మీరెందుకు పనికి..."

"స్టార్ట్ చెయ్ అన్న."

ఇంజన్ లేచింది. చప్పుడు ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గి, నిలకడ లేకుండా ఉంది. ఆ వ్యానుకు ఇంజన్ ముందు సీటు కింద ఉంటుంది. విజయరత్నం సీటు ఎత్తి చూశాడు. కేబుల్ తీగలా బిగుసుకుని ఉంది.

"గిట్ల గుంజింది ఎవరు?"

"నేనే. స్లో నిలబడ్తలేదు అంకుల్. కేబుల్ టైట్ చేస్తె నిలబడ్డది. ఫోన్ల వీడియో చూసి చేసిన."

"గా వీడియోల మనుషులు కూసున్నంక ఏమైతదో చూపెట్టిండ్రా? ఇద్దర్ని ఎక్కించు."

టెంటు దగ్గర నిలబడ్డ ఇద్దరు వచ్చి ఎక్కారు. బండి కిందికి కుంగింది. ఎవరూ పెడల్ మీద కాలు పెట్టకుండానే ఇంజన్ గొంతు ఒక్కసారి పైకి లేచింది. రోషన్ ముఖం మారింది.

పెడల్ తొక్కనప్పుడు ఇంజన్‌ను ఆగకుండా ఉంచాల్సింది కార్బొరేటర్ పక్కనున్న చిన్న స్క్రూ. రోషన్ దాన్ని ముట్టుకోకుండా ఆ పని కేబుల్‌కు అప్పగించాడు. బండి కుంగినా, అరిగిన రబ్బర్ల మీద ఇంజన్ ఒరిగినా కేబుల్ తనంతట తానే లాగుతుంది. ముందు నడిచేది పాస్టరు గారు, పాడే ఆడవాళ్ళు. బండి ఆగిపోవడం ఒక అవమానం. వాళ్ళ మీదికి దూకడం వేరే సంగతి.

విజయరత్నం నట్లు వదులు చేసి, కేబుల్ సడలించి, స్క్రూ తిప్పాడు. ఇంజన్ సర్దుకుంది. ఇక మిగిలింది కేబుల్‌లో ఉండాల్సిన ప్లే, అంటే కాస్తంత వదులు. మరీ వదులైతే పెడల్ తొక్కినా ఇంజన్ అందుకోదు, బిగువైతే మళ్ళీ ఇందాకటి జబ్బే. దానికి కొలత బద్ద లేదు. కేబుల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఊపితే, లీవరు కదలకుండా కేబుల్ ఎంత ఊగుతుందో వేళ్ళకు తెలియాలి.

పట్టుకున్నాడు. నట్టు తిప్పి మళ్ళీ పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య కేబుల్ ఉందని కళ్ళు చెబుతున్నాయి, వేళ్ళు చెప్పడం లేదు. ఎడమచెయ్యి ఆ ఇరుకులో దూరలేదు.

కూతురు ఫేబీ గేటు దగ్గరికి వచ్చింది.

"డాడీ, లోపలికి రా. అందరు అడుగుతున్రు. గీ పని ఇంకెవరన్న చెయ్యరా?"

"వస్త బిడ్డా."

ఆమె వెళ్ళేదాకా ఆగి, ఇంజన్ వైపే చూస్తూ అన్నాడు.

"రోషన్, ఇట్ల రా. నా వేళ్ళకు తెలుస్తలేదు."

రోషన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఎప్పటిసంది అంకుల్?" అన్నాడు.

"గది తర్వాత. కేబుల్ పట్టుకో. ఊపు. లీవర్ కదుల్తున్నదా?"

"జర కదిలింది."

"కదలొద్దు. నట్టు వెనుకకు తిప్పు. ఇంకా. ఇప్పుడు?"

"కరెక్టుగున్నది."

"నోటితోటి చెప్పకు. మళ్ల ఊపి చూడు."

రోషన్ మళ్ళీ చూశాడు. నిజంగానే ఇంకొంచెం తిప్పాల్సి వచ్చింది. తిప్పి, ఈసారి మాట్లాడకుండా తలూపాడు. నట్లు బిగించాక విజయరత్నం మనుషులను ఎక్కించి, దింపి, పెడల్ తొక్కించి, వదిలించి, కళ్ళు మూసుకుని విన్నాడు. చప్పుడు మారలేదు.

కిరోసిన్‌తో, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. మూత వేసే ముందు ఫేబీ ఆయన చెయ్యి పట్టుకుని తల్లి నుదుటి మీద పెట్టించింది. ఆయనకు చల్లదనం తెలియలేదు. చెయ్యి తీసి, మణికట్టు ఆనించి చూశాడు. అప్పుడు తెలిసింది.

బయలుదేరేటప్పుడు ఆయన కుటుంబంతో వెనక నడవలేదు. డ్రైవరు తలుపు పక్కన, కిటికీ మీద చెయ్యి వేసి నడిచాడు. ముందు పాట ఎత్తుకున్నారు. సన్నటి జల్లు పడుతోంది. మెయిన్ రోడ్డు దాటే చోట ఒక ఆటో అడ్డం వచ్చి నిలబడింది. పాడేవాళ్ళ వరుస తడబడింది. రోషన్ క్లచ్ తొక్కాడు. ఇంజన్ చప్పుడు కుంగింది.

"రేజ్ ఇయ్యాల్నా అంకుల్?"

"వద్దు. కాలు తియ్యి."

చప్పుడు ఇంకా కుంగి, అక్కడ ఆగి, తనంతట తాను పైకి వచ్చింది. ఆటో తప్పుకుంది. వ్యాను మళ్ళీ కదిలింది, ముందు నడుస్తున్న ముసలామె కాలికి సమంగా. చూసేవాళ్ళకు అందులో ఏమీ లేదు. బండి వెళుతోంది, అంతే. సమాధుల తోట గేటు లోపల రోషన్ తాళం తిప్పేదాకా ఇంజన్ ఎక్కడా ఆగలేదు.

మట్టి వేశారు. ప్రార్థన అయింది. జనం గొడుగుల కింద ఇద్దరు ముగ్గురుగా గేటు వైపు వెళుతున్నారు. "దారి పొడుగూతా అమ్మ పెట్టె ఒక్కసారి సుత ఊగలేదు అంకుల్" అని చెప్పి రోషన్ కూడా వెళ్ళాడు. విజయరత్నం, ఫేబీ మాత్రం మిగిలారు.

"బిడ్డా, దారిల ఏం పాట పాడిండ్రు?"

ఫేబీ ఆయన ముఖంలోకి చూసింది. "అమ్మ పొద్దుగాల్ల వంట చేస్కుంట పాడేది డాడీ. ఇంటికాడికెల్లి ఈడిదాక గదే పాడినం. నువ్వు పక్కకే నడిచినవ్ గద."

"ఇన్లే."

బండి తప్ప ఏమీ వినలేదు ఆయన. అంత దారిలో, పక్కనే వ్యాను రేకు అవతల ఉన్న మనిషిని ఒక్కసారైనా తలుచుకున్నాడేమో గుర్తు తెచ్చుకోబోయాడు. క్లచ్ చప్పుడు, ఆటో, రోషన్ కాలు గుర్తొచ్చాయి.

ఫేబీ ఆ పాట మొదటి మాట అందుకోబోయింది. ఆయన వినడానికి తల వంచి అలాగే నిలబడ్డాడు.