గింజలు ఉడకని సాయంత్రం

నా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మా పక్క వాటాలో ఒక గోవా అక్క ఉండేది. ఆమె భర్త రైల్లో గార్డు. మా ఇంట్లో నీచు ముట్టరు. ఆమె వంటింట్లోనేమో సిర్కాలో, అంటే వెనిగర్‌లో, ఊరేసి ఎండబెట్టిన పంది మాంసపు సాసేజులు దండలా వేలాడుతుండేవి. ఆ ఇంట్లో ఏదీ తాకనని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. చూడొద్దని మాత్రం అనలేదు కనుక నేను రోజూ వెళ్లి గడప దగ్గర కూర్చునేదాన్ని.

గార్డు సాబు ఇంటికొచ్చే రోజున అక్క ఒకే కూర వండేది. రాత్రంతా నానిన ఎర్ర చిక్కుడు గింజల్ని ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిర్చితో పెద్ద గిన్నెలో వేసి బొగ్గుల కుంపటి మీద పెట్టేది. సాసేజులు మాత్రం చివరన, బండి కూత వినబడ్డాకే వేసేది. గింజ మెత్తబడకముందే సిర్కా పులుపు తగిలితే ఎంత ఉడికించినా రాయేనట. నా బుర్రకు అందింది వేరు. సాసేజులు గిన్నెలో పడితే గార్డు సాబు వస్తాడు!

ఆ రోజు మధ్యాహ్నం రావలసిన బండి రాలేదు. ఊళ్లో గొడవల రోజులవి. అబిడ్స్‌లో దుకాణాలు పొద్దుండగానే మూసేశారు. గల్లీలోకి ఒక్క టాంగా కూడా రాలేదు. అక్క మాటిమాటికీ బయటికి వెళ్లి స్టేషన్ వైపు చూసి వస్తోంది. ఆమె అటు వెళ్లగానే పట్టకారు అందుకుని, చెయ్యి తగలకుండా దండ మొత్తం లాగి గిన్నెలో పడేశాను. ఒట్టు తప్పలేదనుకున్నాను, పెద్ద తెలివిగలదాన్ని కదా.

అక్క వచ్చి గిన్నెలోకి చూసింది. నా చేతిలో పట్టకారు చూసింది.

"సాబు రావాల్నని వేసినవా బిడ్డా?"

తల ఊపాను.

"ఔ, మంచిగ చేసినవ్. గింజలు ఉడికేదాంక జర ఆగుదాం. గంతల వస్తడు." సాసేజులు బయటికి తీయలేదు. బొగ్గులు ఎగదోసింది.

దీపాలు పెట్టే వేళకు కూడా గింజలు అట్లాగే ఉన్నాయి. అప్పుడు స్టేషన్ నుంచి ఇద్దరు వచ్చారు, టోపీలు చేతుల్లో పట్టుకుని. పెద్దాయన నోరు తెరవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పొద్దుగాలకెల్లి ఏం తిననట్టున్రు. ముందుగాల తినుండ్రి. తర్వాత చెప్పుండ్రి."

ఉడకని గింజల్ని ఇద్దరూ నమిలారు. రెండో అతను ఏడుస్తూనే తిన్నాడు. అక్క మళ్లీ మళ్లీ వడ్డించింది. వాళ్లు తింటున్నంతసేపూ ఆమెకు భర్త ఉన్నాడు. ఆ గిన్నె అయిపోకూడదని నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

అయిపోయింది. పెద్దాయన చేతులు కడుక్కుని చెప్పాడు. దారిలో బండి పట్టాలు తప్పింది. గార్డు ఉండే చివరి పెట్టె బోర్లాపడింది.

నేను ముందే వేయబట్టే ఆయన రాలేదని గుండె పగిలేలా ఏడ్చాను. అంత దుఃఖంలోనూ అక్క నన్ను దగ్గరికి తీసుకుంది. "గింజలు ఉడకకపోబట్కే నాకు గింతసేపు దొరికింది బిడ్డా" అంది.

ఆ తర్వాత చెడు కబురు మోసుకెళ్లే పని నాకు చాలాసార్లే పడింది. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో నిలబడి చెప్పను. లోపలికి వెళ్లి కూర్చుంటాను. పెట్టింది ఏదైనా తింటాను. మెల్లగా నములుతాను.