వెనక్కి పిలవని ఊరు

మా నాన్న కర్నూలు పాతబజారులో ఒక బట్టల అంగట్లో గుమాస్తా. బడి లేని రోజల్లా నేను ఆ అంగడి అరుగు మీదే ఉండేవాణ్ణి. ఆ వీధిలో ప్రతి అంగడి ముందూ మురుగుకాలువ, దాన్ని దాటడానికి ఒక కడప బండ ఉండేవి. ఏ బేరమైనా ఆ బండ దగ్గరే తేలేది. గిరాకి "వద్దులేప్పా" అని లేచిపోతుంటే అంగడాయన చీరలు మడతపెట్టుకుంటూ పట్టనట్టే ఉంటాడు. కాలు బండ దాటి వీధిలో పడబోతుందనగా పిలుస్తాడు. "ఓ పెద్దప్పా, రా, కోపమెందుకు? ఎంతకైతే తీసుకుంటావో నువ్వే చెప్పు." ఆ పిలుపు కోసమే గిరాకి లేస్తాడు. పిలవొచ్చుననే అంగడాయన లేవనిస్తాడు. ఇద్దరికీ తెలిసిన నాటకమే అయినా ఏ రోజుకారోజు కొత్తగా ఆడేవాళ్ళు.

మా నాన్న పిలవకుండా వదిలేసే గిరాకీలు కూడా కొందరుండేవాళ్ళు. ఎట్లా కనిపెడతావని అడిగితే చెప్పాడు. "మొహం చూడొద్దు రా, కాళ్ళు చూడు. నిజంగా వద్దనుకున్నోని కాళ్ళు ముందే వీధి దిక్కు తిరుగుతాయి. కావాలనుకున్నోడు మెడ తిప్పుతాడు గానీ కాళ్ళు తిప్పడు."

తర్వాత నేను మైదుకూరులో బడిపంతులునయ్యాను. పిల్లలకు ఏం నేర్పానో గానీ, పెళ్ళయ్యాక మా ఆవిడకు మాత్రం ఈ విద్య పట్టుబట్టి నేర్పాను. ఆమెది కోడుమూరు దిక్కు పల్లె, మనసులో ఏముంటే నోట్లో అదే ఉండే మనిషి. కొత్తల్లో అంగట్లో చీర విప్పగానే, అమ్మేవాడి మొహం మీదే, "అబ్బ, ఎంత బాగుండాదో!" అనేది. నేను కొంగు పట్టి లాగేవాణ్ణి. ఇంకెక్కడి బేరం? అందుకని నచ్చింది మొహంలో కనపడగూడదని చెప్పి చెప్పి తయారుచేశాను. కొన్నేళ్ళకు ఆమె ఎంత ఆరితేరిందంటే, ఏ వస్తువైనా సరే రెండు వేళ్ళతో ఎత్తి, పెదవి విరిచి, "ఏముండాది దీంట్లో, పోదాం రాయ్యా" అంటే అమ్మేవాళ్ళు నిజంగానే తమ సరుకు మీద తామే అనుమానపడేవాళ్ళు.

నేను రిటైరయ్యాక, హైదరాబాదు టూరు కంపెనీ వాళ్ళ వెంట యూరప్ చూడటానికి బయలుదేరాం. మా పక్కింట్లో రవికెలు కుట్టే సాయిబుల ఆడమనిషి ఉంది, మా ఆవిడ వరస కలుపుకుని అక్కా అంటుంది. ప్రయాణం ముందురోజు వాళ్ళిద్దరూ గోడ దగ్గర మాట్లాడుకుంటుంటే నా చెవిన పడింది.

"ఆ దేశాల్లో ఏం చూస్తావు చెల్లీ?"

"చూసేదానికేముందిలే అక్కా. ఆడ చర్చిల్లో గోడంత ఆర్గన్ ఉంటాదంట. ఒక్కసారి వినల్లని ఉండాది."

మా ఆవిడ పుట్టిన ఊరి చర్చిలో దొరల కాలం నాటి ఆర్గన్ పెట్టె ఒకటి ఉండేది. కాళ్ళతో తొక్కుతుంటే గాలి ఊదుకుని పాడేది. వాళ్ళ నాన్న ఆదివారాలు వాయించేవాడు. ఆయనకు మోకాళ్ళు పట్టేశాక, ఆయన వేళ్ళతో మెట్లు నొక్కుతుంటే కింద కూర్చుని తొక్కింది ఈమె. చివరికి ఎలుకలు లోపలి గాలితిత్తి తోలు కొరికేస్తే గాలి నిలవక మూలన పడింది. ఈ కథ నాకు తెలుసు. కానీ వినాలన్న కోరిక నాతో అనలేదు. అంటే దాని మీద కూడా బేరం మొదలుపెడతానని భయపడి ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే.

ప్రాగ్ అనే ఊరు చేరేసరికి నా అనుమానాలన్నీ బాగా పదునెక్కి ఉన్నాయి. ఊరు మరీ అందంగా ఉంది. గోడలకు లేత పసుపు, లేత గులాబీ రంగులు. గోపురాలు కొత్తగా తోమిన ఇత్తడి చెంబుల్లా ఉన్నాయి. ఇంత ముస్తాబు చేసి పెట్టారంటే అమ్మకానికే అనుకున్నాను. నది మీద పాత రాతి వంతెన, దానికి రెండు పక్కలా సాధువుల బొమ్మలు. ఒక బొమ్మ కింద ఇత్తడి పలక జనం చేతులు తగిలి తగిలి తళతళలాడుతోంది. ముట్టుకుంటే మళ్ళీ ఈ ఊరికి వస్తారట. జనం వరసకట్టారు.

"నువ్వు ముట్టుకోవా?" అంది మా ఆవిడ.

"పోయిన గిరాకి మళ్ళీ రావాలని అంగడోళ్ళు పుట్టించిన మాట అది. సాధువుకేం పనే?"

"అన్నిట్లో అంగడే కనపడతాది నీకు," అని ఆమె పోయి ముట్టుకుని వచ్చింది.

పెద్ద చౌకులో పాత గడియారం. గంట కొట్టే వేళకు కిటికీలు తెరుచుకుని బొమ్మలు కదులుతాయట. వందలమంది ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఇంతమంది ఒకేసారి మెడలెత్తి ఆకాశం చూస్తున్నారంటే కింద జేబులు చూసేవాళ్ళు ఎక్కడో ఉండాలి. అందుకని నేను ఒక చెయ్యి జేబు మీదా, ఒక చెయ్యి ఆమె సంచి మీదా వేసి, గడియారానికి వీపు పెట్టి జనాన్నే చూస్తూ నిలబడ్డాను. గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏమైంది?" అన్నాను.

"చూసుంటే తెలుసు. ఒక ఎముకల గూడు గంట కొట్టి రమ్మంటాండాది. పక్కనొకడు దుడ్ల సంచి పట్టుకోని రానని తల ఊపుతాండాడు."

"వాడెవడు?"

"పిసినారంట. చావుతో కూడా బేరమాడతాండాడు. నిన్ను చూసే చెక్కినట్లుండాడు."

మధ్యాహ్నం హోటల్లో కూర్చోగానే అడక్కుండానే ఒక బుట్ట నిండా రొట్టె తెచ్చిపెట్టారు. మన దగ్గర కూర్చోగానే విస్తట్లో పప్పులపొడి వేసినట్టు అనుకుని ఆమె చెయ్యి చాచింది. నేను బుట్టను బల్ల చివరికి నెట్టేశాను.

"ముట్టుకోవద్దు. ఊరికే పెట్టే మొహాలు కావు ఇవి."

"ఆకలైతాందయ్యా. తింటే ఏమైతాది?"

"తర్వాత చెప్తా."

మా టూరులోనే వచ్చిన నంద్యాల దంపతులు పక్క బల్ల దగ్గర హాయిగా తిన్నారు. బిల్లులో ఆ రొట్టె కూడా వచ్చింది. నేను మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. మూడేళ్ళుగా నానుతున్న కోర్టు కేసు గెలిచినంత సంతోషం. ఆమె నీళ్ళు తాగి లేచింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఎవరి తిరుగుడు వాళ్ళదే అన్నారు టూరువాళ్ళు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాలి. ఇక ఆర్గన్ వినాలంటే ఆ సాయంత్రమే. ఆమె అడగలేదు. నేనే ఏమీ ఎరగనట్టు ఆమెను చర్చిలున్న సందుల్లోకి తిప్పుతూ వచ్చాను. కావాలని తిప్పుతున్నట్టు తెలిస్తే నా పరువేంగాను?

మలుపు మలుపుకూ పాతకాలపు కోటు తొడిగి తెల్ల విగ్గు పెట్టుకున్నవాళ్ళు సంగీత కచేరీ కాగితాలు చేతిలో పెట్టబోయారు. అంత వేషం కట్టి అమ్మేదాన్ని నేను కొనను. చీకటి పడుతుండగా, వేషాలేవీ లేని ఒక చిన్న చర్చి కనపడింది. తలుపు దగ్గర చిన్న బల్ల వేసుకుని కళ్ళద్దాల పెద్దావిడ కూర్చుంది. బల్ల మీద ఆర్గన్ బొమ్మ ఉన్న అట్ట. ఇంకాసేపట్లో మొదలవుతుందని చెప్పింది. ధర అట్ట మీదే రాసి ఉంది.

ధర రాసి పెట్టారంటే అది బేరానికి మొదలు అనేది నేను అరుగు మీద నేర్చుకున్న మొదటి పాఠం. ఇద్దరం కదా, పెద్దవాళ్ళం కదా అంటూ వచ్చిన ఇంగ్లీషులో నా ధర చెప్పాను. ఆవిడ నాకు కళ్ళు సరిగా కనపడవనుకుందో ఏమో, అట్టను నా వైపు తిప్పి, వేలితో చూపించి, మెల్లగా పలికి వినిపించింది. నేను మళ్ళీ తగ్గించి చెప్పాను. ఆవిడ మళ్ళీ అంతే ఓపికగా అదే చదివింది. కోపం లేదు, నవ్వు లేదు. ఇలాంటి అమ్మకందారును నేనెప్పుడూ చూడలేదు. లోపల ఇంకేదో ఉందని అనుమానం వచ్చింది.

సరిగ్గా అప్పుడు మా ఆవిడ పెదవి విరిచి, "ఏముండాదిలే దీంట్లో, పోదాం రాయ్యా," అంది.

ఆహా అనుకున్నాను. ఎక్కడ వెయ్యాలో అక్కడ వేసింది దెబ్బ. ఇద్దరం వెనక్కి తిరిగి నడిచాం. నేను నడక తగ్గించాను. పిలుపు లేదు. ఇక్కడ కాలువా లేదు, బండా లేదు. నున్నగా రాళ్ళు పరిచిన వీధి తలుపు దగ్గర నుంచి ఎక్కడా తెగకుండా పోతోంది. ఎక్కడికి వచ్చాక పిలవాలో ఆవిడకెట్లా తెలుస్తుంది పాపం? జోడు లేసు విప్పి కట్టుకున్నాను. పక్క కిటికీలో పింగాణీ కప్పులు చూశాను. చివరికి ఓరగా వెనక్కి చూస్తే, ఆవిడ నన్ను చూసి చెయ్యి ఊపింది. రమ్మని కాదు, పోయి రమ్మని!

మా బజారులో అంతటి అవమానం ఎవరూ ఎవరికీ చెయ్యలేదు.

సందు మలుపు తిరిగాక అన్నాను. "నువ్వు మాత్రం శానా బాగా చేసినావు. ఆ యమ్మే కదలలే."

"నేనేం చేసినా?"

"అదే, ఏముండాదిలే అని."

"చెయ్యలేదయ్యా. నిజంగానే అంటి. ఇంగ చాలు, రూముకు పోదాం. కాళ్ళు గుంజుతాండాయి."

ఆమె మొహం చూశాను. ఏమీ లేదు. మూసిన అంగడి తలుపులా ఉంది. ఇది నాటకమా, నిజమా? నాటకమైతే ఎవరి ముందు? అమ్మే మనిషి మలుపు అవతల ఉంది, ఇక్కడున్నది నేను ఒక్కణ్ణే. నా బేరంతో విసుగెత్తి వదులుకుందా? లేక కావాలన్నది నా కంట పడితే పాడవుతుందని నా దగ్గర కూడా దాస్తోందా? ఊరందరినీ అనుమానిస్తూ వచ్చినవాణ్ణి, ఇప్పుడు ఆమె మొహం ముందు నిలబడి ఏమీ చదవలేకపోయాను. చదవడానికి వీల్లేకుండా దాన్ని తయారుచేసిందీ నేనే.

మా నాన్న మాట గుర్తొచ్చి కిందికి చూశాను. రూముకు దారి ముందుకుంది. మెడ అటే తిప్పి నాతో మాట్లాడుతోంది. కొత్తగా కొన్న తెల్ల బూట్లు రెండూ మాత్రం చర్చి దిక్కే చూస్తున్నాయి.

"పా," అన్నాను.

"యాడికి?"

"ఈడికే. వెనక్కి."

పిలవకుండా వెనక్కి పోవడం నా జన్మలో అదే మొదలు. మా బజారులో అయితే, "ఏమప్పా, తిరిగి తిరిగి వచ్చినావా?" అని వీధంతా వినపడేలా అడిగేవాళ్ళు. ఆ పెద్దావిడ మాత్రం అట్ట మీది ధర తీసుకుని ఇందాకటి మొహంతోనే రెండు టికెట్లు చించి ఇచ్చింది. లోపల ఎక్కడైనా కూర్చోవచ్చని చేత్తో చూపింది.

ఎక్కడైనా కూర్చోమన్నారంటే ఎందుకో అని వెతికితే తెలిసింది. ఆర్గన్ ఎదురుగా లేదు. మా వీపుల వెనక, పైన మేడ మీద ఉంది. వాయించేవాడు కనపడడు. లోపల చల్లగా రాయిలా ఉంది. ప్రతి బెంచీ మీదా మడతపెట్టిన ఉన్ని దుప్పట్లున్నాయి. మా ఆవిడ ఒకటి తీసి నా భుజాల మీద వెయ్యబోయింది.

"ముట్టుకోవద్దే. ఇది కూడా రొట్టె మాదిరే."

"వణకతాండావు. మూసుకోని కప్పుకో," అని కప్పేసింది.

అంతలో పాట మొదలైంది. ముందు వినపడలేదు, కాళ్ళ కింద బెంచీ పలక అదిరింది. తర్వాత చర్చి మొత్తం నిండిపోయింది. నేను మెడ తిప్పి పైకి చూశాను. గొట్టాలు తప్ప మనిషి జాడ లేదు.

ఆమె చెవిలో అన్నాను. "మనిషి కనపడడే. క్యాసెట్టేమో."

"ష్. గాలి ఇనపడతాందా? పాటకు ముందర ఊపిరి తీసుకుంటాది చూడు. క్యాసెట్టు ఊపిరి తీసుకోదు."

నాకు గాలి వినపడలేదు. ఆమె మొహం చూశాను. ఎప్పటిలాగే మూసి ఉంది. కిందికి చూశాను. చీర కుచ్చిళ్ళ కింద తెల్ల బూట్లు ఒకటి మార్చి ఒకటి మెల్లగా నొక్కుతున్నాయి, లేస్తున్నాయి. పాట పెరిగితే జోరుగా, తగ్గితే నిదానంగా. తాను తొక్కకపోతే పైన గాలి ఆగిపోతుందన్నట్టు, ఆగకుండా తొక్కుతోంది. ఆ తర్వాత నేను వెనక్కి చూడలేదు. చివరిదాకా కిందికే చూస్తూ కూర్చున్నాను.

అయిపోయాక బయటికి వస్తూ ఆమె ఆ పెద్దావిడ బల్ల దగ్గర ఆగింది. రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత బాగుండాదో తల్లీ, శానా శానా బాగుండాది," అని తెలుగులోనే, మొహం నిండా నవ్వుతూ, అమ్మే మనిషి ముందే చెప్పేసింది. నేను అలవాటుగా ఉలిక్కిపడి ఆమె కొంగు పట్టి లాగబోయి, మానుకున్నాను.

నాలుగు అంగలు వేశామో లేదో వెనక నుంచి పిలుపు వచ్చింది. "సర్! సర్!"

నిలబడిపోయాను. పిలిచింది! ఆలస్యమైతే అయింది గానీ చివరికి ఈ ఊరు కూడా పిలిచింది. ఛాతీ ఎత్తి మెల్లగా వెనక్కి తిరిగాను. ఆవిడ బల్ల వదిలి వీధిలోకి వచ్చి, తన భుజాలు తట్టుకుంటూ నా భుజాలు చూపిస్తోంది.

దుప్పటి ఇంకా నా మీదే ఉంది.

"పోయ్యా, పో," అంది మా ఆవిడ, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని. "పిలస్తాండాది గదా, ఎంతకిస్తావో చెప్పు."